పక్కలో పోయిన బిడ్డ

మా మాదిగపల్లెలో చావులకి పేర్లుండేవి. పాము కరిచి పోతే పురుగు ముట్టిన చావు. కాన్పు కష్టమై పోతే పురిటి చావు. వానాకాలంలో ఊరి చెరువు నీళ్ళు తాగి పోతే వాంతిభేది చావు. ఇన్ని చావులకి పేర్లు పెట్టిన పల్లె ఒక్క చావుకి మాత్రం పేరు పెట్టలేకపోయింది. రాత్రి పాలు తాగి తల్లి పక్కలో పడుకున్న రెండు మూడు నెలల పసిగుడ్డు తెల్లారేసరికి చల్లబడి ఉంటుంది. జ్వరం లేదు, దగ్గు లేదు, ఏడుపు ఎవరికీ వినపడలేదు. ఆ చావుకి పేరు లేదు గనక దాని బదులు తల్లి పేరు చెప్పేవాళ్ళు. "ఫలానా ఆమె బిడ్డ మీద పడి పొర్లిందంట" అనేవాళ్ళు. అంతటితో చావు సంగతి అయిపోయేది, తల్లి సంగతి మొదలయ్యేది.

నేను అడగదలచుకున్న ప్రశ్న చిన్నది. కారణం తెలియని చావు జరిగినప్పుడు "తెలియదు" అనే మాట ఎవరికి దక్కుతుంది, ఎవరికి దక్కదు? ముప్పయ్యేళ్ళకు పైగా ఏ.ఎన్.ఎం.గా పని చేసి, వందల ఇళ్ళల్లో పురుళ్ళూ చావులూ చూసినదాన్ని. ఇది వైద్యానికి చెందిన ప్రశ్నే గానీ వైద్యంతో అయిపోయే ప్రశ్న కాదు. ఇది న్యాయానికి చెందింది. ఇంకా చెప్పాలంటే మనిషిని మనిషిగా చూడటానికి చెందింది.

1971లో నాకు తొమ్మిదేళ్ళు. మా ఒంగోలు వైపు పల్లెల్లో చలికాలం అంటే పొగాకు కాలం. మా అమ్మ నాలుగో కాన్పు అయ్యి నెల తిరక్కముందే బ్యారన్ దగ్గర పనికి పోయింది. ఆకు కర్రలకి కట్టే పని. పోకపోతే ఆ సీజను కూలి పోతుంది, ఇంకో మనిషిని పెట్టుకుంటారు. చెల్లిని పగలంతా చంకనేసుకుని తిరిగింది నేనే. మధ్యాహ్నం బ్యారన్ దాకా మోసుకెళితే అమ్మ చేతులు కడుక్కుని, జిగురు పోక మళ్ళీ మట్టేసి రుద్దుకుని, రొమ్మిచ్చేది. పొద్దుగూకినాక వచ్చి వంట చేసి, నాయనకీ మాకూ పెట్టి, పడుకునేసరికి ఊళ్ళో అరవం నడిచే కుక్క తప్ప ఏదీ మెలకువగా ఉండేది కాదు. ఒకటే గది తాటాకు ఇల్లు. ఒకటే చాప. ఒకటే దుప్పటి. దాని కింద అయిదుగురం.

చెల్లికి డెబ్బయి, డెబ్బయ్యైదు రోజులుంటాయి. ఒక తెల్లవారుజామున అమ్మ పాలిద్దామని దగ్గరికి తీసుకుంది. తీసుకున్నాక అమ్మ నోట్లోంచి వచ్చిన శబ్దాన్ని నేను మాటల్లో పెట్టను. పెట్టలేనని కాదు, అది అమ్మది.

పెద్దరైతు గారి భార్య ఆ పొద్దున చెరువు కట్ట మీద నిలబడి అన్న మాట మాత్రం చెబుతాను. "కల్లు తాగొచ్చి ఒళ్ళు తెలియకుండా పడుకుంటారు వీళ్ళు. పిల్ల ఉందో ఊడిందో ఏం తెలుస్తది?" అంది. మా అమ్మ బాప్తిస్మం తీసుకున్న మనిషి. ఆదివారం గుడి తప్పని మనిషి. కల్లు వాసనే గిట్టదు. ఆమె ఒళ్ళు తెలియకుండా పడుకున్న మాట నిజమే అయి ఉండొచ్చు. పగలంతా ఆమె ఒళ్ళు ఎవరి పనికి కరిగిందో ఆ మాట అన్నామెకి బాగా తెలుసు. మూడో రోజు మేస్త్రి వచ్చి పనికి పిలిచాడు. అమ్మ పోయింది. ఊళ్ళో జనన మరణాలు రాసే పుస్తకం ఉండేది. చెల్లి పుట్టుక దాంట్లో ఎక్కలేదు, చావూ ఎక్కలేదు. రాయని బిడ్డకి కారణం ఎవరు రాస్తారు?

మా నాయన ఆ గదిలోనే చుట్ట కాల్చేవాడు. ఆయన్ని ఎవరూ ఏమీ అడగలేదు. తాటాకుల సందుల్లోంచి వచ్చే చలిని ఎవరూ అడగలేదు. బ్యారన్ వాళ్ళని ఎవరూ అడగలేదు. అందరి వేళ్ళూ ఒక్క ఆమె వైపే తిరిగినయ్. రెండేళ్ళకి తమ్ముడు పుట్టినప్పుడు ఆరు నెలల పాటు అమ్మ వాణ్ణి చేటలో గుడ్డ పరిచి తన ముందు పెట్టుకుని, తను గోడకి చేరగిలబడి కూర్చునే నిద్రపోయింది. ఎవరు పడుకోమన్నా పడుకోలేదు. పైన ఏ కోర్టూ వెయ్యని శిక్ష అది.

మా ప్రాంతంలో మాదిగలు క్రైస్తవంలోకి రావటం పాత కథ. 1878లో గుండ్లకమ్మ ఒడ్డున ఒక్క రోజే రెండు వేల మందికి పైగా బాప్తిస్మం తీసుకున్నారు. కాబట్టి బైబిలు కథలు మాకు ఉగ్గుపాలతో వచ్చినయ్. సొలొమోను తీర్పు కథ ఆదివారం బడిలో చెప్పని సంవత్సరం లేదు. ఒకే ఇంట్లో ఉండే ఇద్దరు ఆడవాళ్ళు, ఇద్దరికీ పసిబిడ్డలు. రాత్రి ఒక బిడ్డ చచ్చిపోతాడు. బతికిన బిడ్డ నాదంటే నాదని రాజు దగ్గరికి పోతారు. కత్తి తెమ్మంటాడు రాజు. మిగతాది మీకు తెలుసు. అందరూ బతికిన బిడ్డ గురించీ రాజు తెలివి గురించీ చెబుతారు. నాకు మాత్రం చిన్నప్పట్నించీ చచ్చిపోయిన బిడ్డ మీదే ధ్యాస. వాడు తల్లి మీద పడటం వల్ల చచ్చిపోయాడని ఆ కథలో చెప్పేది ఎవరు? రెండో ఆడమనిషి. ఆ ఇంట్లో మూడో మనిషి లేడు. అందరూ నిద్రలో ఉన్నారని ఆమే చెబుతుంది. నిద్రలో ఉన్నామె ఎట్టా చూసింది? రాజు అంత తెలివిగలవాడు గదా, ఈ ఒక్క ప్రశ్న ఎందుకు అడగలేదు? కారణం ఎవరైనా ఏదైనా చెప్పొచ్చు, దానికి సాక్ష్యం అక్కర్లేదు. ఎందుకంటే ఆ ఇద్దరూ వేశ్యలు, పేర్లు కూడా లేనివాళ్ళు. మూడు వేల ఏళ్ళ నాటి ఆ మాటే మా చెరువు కట్ట మీద 1971లో మళ్ళీ వినపడింది.

నేను ట్రైనింగులో చేరాక ఈ చావుకి పేరుందని తెలిసింది. ఆకస్మిక శిశుమరణ లక్షణం అంటారు. ఇంగ్లీషులో దాని పొట్టి పేరు సిడ్స్. 1969లో అమెరికాలోని సియాటిల్ నగరంలో డాక్టర్లు సమావేశమై దీనికి ఒక నిర్వచనం ఇచ్చారు. ఆరోగ్యంగా కనిపించిన పసిబిడ్డ అనుకోకుండా చనిపోయి, శవపరీక్ష పూర్తిగా జరిపినా కారణం దొరక్కపోతే దాన్ని అట్లా పిలవాలన్నారు. తర్వాతి కాలంలో ఇంకా రెండు షరతులు చేరాయి. బిడ్డ చనిపోయిన చోటుని చూడాలి, బిడ్డ ఆరోగ్య చరిత్రంతా తిరగెయ్యాలి. ఎక్కువగా రెండు నుంచి నాలుగు నెలల వయసులో జరుగుతుంది. ఏడాది లోపు పిల్లల్లోనే చూస్తారు.

విద్యార్థి మిత్రులు ఈ నిర్వచనాన్ని కాస్త ఆగి చూడాలి. ఇక్కడ "తెలియదు" అనే మాట సోమరితనంతో అన్న మాట కాదు. వెతికి వెతికి అన్న మాట. శవపరీక్ష, చోటు పరీక్ష, చరిత్ర పరీక్ష మూడూ అయినాకే ఆ మాట అనే హక్కు డాక్టరుకి వస్తుంది. ఆ మాట వచ్చాక తల్లిని నేరస్తురాలిగా చూసే హక్కు లోకానికి పోతుంది. మన పల్లెల్లో ఏం జరుగుతోంది? ఎవరూ వెతకరు. వెతకనప్పుడు అది తెలియని చావు కాదు, తెలుసుకోని చావు. ఈ రెంటికీ ఉన్న తేడాలోనే మా తల్లుల బతుకు నలిగిపోయింది. దేశంలో జనన మరణాల నమోదు చట్టం కూడా ఆ 1969లోనే వచ్చింది. అయినా 2020 నాటికి కూడా నమోదైన చావుల్లో డాక్టరు కారణం రాసి ఇచ్చినవి నాలుగో వంతుకి చేరలేదు.

వెతికిన దేశాల్లో ఏం తేలిందో కూడా చెప్పుకోవాలి. బిడ్డని బోర్లా పడుకోబెట్టటం ప్రమాదం. వెల్లకిలా పడుకోబెడితే చావులు తగ్గుతాయి. మెత్తటి పరుపులూ దిండ్లూ, ముఖం మీదకొచ్చే దుప్పట్లూ, ఒళ్ళు మరీ వేడెక్కటం, పొగాకు పొగ, నెలలు నిండకుండా పుట్టటం ఇవన్నీ ప్రమాదాన్ని పెంచుతాయి. తల్లిపాలు తగ్గిస్తాయి. 1994లో ఇద్దరు అమెరికా పరిశోధకులు మూడు సంగతులు ఒకచోట కలిసినప్పుడు ఈ చావు జరుగుతుందని చెప్పారు. బిడ్డలో బయటికి కనపడని బలహీనత ఒకటి, ఎదుగుదలలో గడ్డు వయసు ఒకటి, బయటి నుంచి వచ్చే ఒత్తిడి ఒకటి. మామూలుగా ఊపిరి అందకపోతే బిడ్డ కదులుతుంది, మేలుకుంటుంది, ఏడుస్తుంది. కొందరు బిడ్డల్లో మెదడు అడుగు భాగంలో మేలుకొలిపే ఆ ఏర్పాటు సరిగా పని చెయ్యదు. వాళ్ళు ఏడవరు. నిద్రలోనే పోతారు. ఏడుపు వినలేదని తల్లిని తిట్టేవాళ్ళు ఈ మాట వినాలి. అక్కడ ఏడుపే ఉండకపోవచ్చు.

ఇంకో సంగతి కూడా తేలింది. 1950ల చివర నుంచీ అమెరికా, యూరప్ దేశాల్లో పిల్లల్ని బోర్లా పడుకోబెట్టమని సలహా ఇచ్చింది డాక్టర్లే. లక్షల ప్రతులు అమ్ముడుపోయిన డాక్టర్ బెంజమిన్ స్పాక్ పుస్తకంలోనూ ఆ సలహా ఉంది. తల్లులు నమ్మారు. 1970 నాటికే బోర్లా పడుకోవటం ప్రమాదమనే సాక్ష్యం పరిశోధనల్లో ఉందనీ, దాన్ని అప్పుడే కూడగట్టి చూసి ఉంటే ఒక్క బ్రిటన్‌లోనే 10,000 మందికి పైగా, ధనిక దేశాల్లో కలిపి కనీసం 50,000 మంది పిల్లలు బతికేవాళ్ళనీ 2005లో ఒక పరిశోధన లెక్కగట్టింది. బ్రిటన్‌లో 1991లో, అమెరికాలో 1994లో వెల్లకిలా పడుకోబెట్టమనే ప్రచారం మొదలయింది. కొన్నేళ్ళలోనే చావులు సగానికి పైగా తగ్గినయ్. సలహా ఇచ్చిన వాళ్ళని ఎవరైనా బోనెక్కించారా? లేదు. ఎక్కించాలని నేనూ అనటం లేదు. అది చదువుకున్న వాళ్ళ పొరపాటు గనక "అప్పటి జ్ఞానం అంతే" అన్నారు. ఆ దయ తల్లులకి ఎందుకు దొరకదు అనేదే నా ప్రశ్న.

తల్లులు బోనెక్కారు మరి. ఇంగ్లండులో శాలీ క్లార్క్ అనే న్యాయవాదికి ఇద్దరు మగపిల్లలు పుట్టి, 1996లో ఒకడు, 1998లో ఒకడు కొద్ది వారాల వయసులోనే పోయారు. ఒకే ఇంట్లో రెండు సార్లు ఇట్లా జరగటానికి ఏడు కోట్ల ముప్పయి లక్షల్లో ఒక్క అవకాశమే ఉందని పేరున్న డాక్టరు ఒకాయన కోర్టులో చెప్పాడు. ఒక చావు అవకాశాన్ని అదే సంఖ్యతో హెచ్చించి తెచ్చిన లెక్క అది. ఒకే తల్లిదండ్రుల రక్తం, ఒకే ఇల్లు, ఒకే గాలి పంచుకున్న పిల్లల చావుల్ని రెండు విడి పాచికల్లాగా లెక్కెయ్యకూడదని 2001లో అక్కడి రాయల్ స్టాటిస్టికల్ సొసైటీ బహిరంగంగా చెప్పింది. 1999లో శిక్ష పడిన ఆమె 2003లో విడుదలైంది. 2007లో చనిపోయింది. ఆస్ట్రేలియాలో కాథ్లీన్ ఫోల్బిగ్ నలుగురు పిల్లల్ని పోగొట్టుకుంది. 2003లో నేరం రుజువైందన్నారు. ఆమె దుఃఖంతో రాసుకున్న డైరీలనే సాక్ష్యంగా చదివారు. ఆమె ఇద్దరు కూతుళ్ళలో గుండె లయ తప్పించగల జన్యు మార్పు ఉందని శాస్త్రవేత్తలు తర్వాత కనిపెట్టారు. 20 ఏళ్ళు జైల్లో ఉన్నాక 2023లో క్షమాభిక్ష వచ్చింది, ఆ ఏడాది చివర శిక్షలు రద్దయినయ్. వెతికితే కారణం దొరికింది. అంతదాకా తల్లి దొరికింది.

వాళ్ళు తెల్లవాళ్ళు. ఒకామె లా చదివిన మనిషి. వాళ్ళకే అట్లా జరిగితే అక్షరం ముక్క రాని మా అమ్మలకి ఏం జరుగుతుందో చెప్పాలా? అయితే ఒక తేడా ఉంది. వాళ్ళకి ఆఖర్న ఒక అప్పీలు కోర్టయినా ఉంది. చెరువు కట్ట మీద ఇచ్చిన తీర్పుకి అప్పీలు లేదు.

నా ఉద్యోగంలో చూసింది చెబుతాను. 1990ల చివర్లో నా సబ్ సెంటరు కింద ఒకే ఏడాదిలో రెండు చావులు అయినయ్. ఒకటి ఊళ్ళో, మోతుబరి ఇంట్లో. పది వారాల మనవడు. పరుపు మీద పోయాడు. టౌను నుంచి డాక్టరు కారేసుకుని వచ్చాడు. ఆ బిడ్డ ఎట్లా పడుకున్నాడని గానీ, పక్కన ఎవరున్నారని గానీ అడిగిన వాళ్ళు లేరు. అందరూ తల వంచుకుని "పాపం, ఏ దోషమో" అన్నారు. దొడ్డివైపు వంటింటి దగ్గర మాత్రం అత్త కోడల్ని ఏదో అంటోంది. నేను విన్నాను. అగ్రకులం ఆడదైనా కోడలు కోడలే. కానీ ఆ మాట నాలుగ్గోడలు దాటలేదు. ఆ కోడలి నేరాన్ని ఆమె కులానికి ఎవరూ అంటగట్టలేదు.

రెండోది మాలపల్లెలో. మూడు నెలల ఆడబిడ్డ. చాప మీద, తల్లి పక్కలో. తల్లికి పంతొమ్మిదేళ్ళుంటాయేమో. నేను పోయేసరికే బజారంతా తీర్పు చెప్పేసింది. ఊళ్ళో వాళ్ళు వచ్చి అంటున్నారు: "ఎట్టా పడుకున్నావే? మీ వాళ్ళకి పిల్లల్ని కనటమే గానీ చూసుకోటం తెలవదే." "మీ వాళ్ళు" అనే ఆ మాటని మీరు గమనించాలి. ఊళ్ళో ఇంట్లో ఒక బిడ్డ పోయింది. పల్లెలో ఒక కులమే నేరం చేసింది. నేను వివరాలు రాసుకుని పైకి పంపితే పై అధికారి పిలిపించాడు. కారణం దగ్గర "తల్లి అజాగ్రత్త" అని రాయమన్నాడు. "చూసినోళ్ళు ఎవరు సార్?" అన్నాను. "తెలియదు అని రాస్తే నన్ను అడుగుతారమ్మా" అన్నాడు. "నిద్రలో మరణం, పరీక్ష జరగలేదు, కారణం తెలియదు" అని రాసిన కాగితాన్ని నేను మార్చలేదు. ఆ మూడు మాటలూ నిజం. అంతకు మించి ఏది రాసినా అది ఆ పిల్ల మీద వేసే నింద. మోతుబరి ఇంటి కాగితం మీద "తెలియదు" అని రాసినప్పుడు అదే అధికారి ఎందుకని అడగలేదు.

కారణం లేకుండా ఉండటం మనిషి ఓర్చుకోలేడు. అందుకే మతాలు కారణాలు అమ్ముతాయి. ఊళ్ళో పూజారి పూర్వజన్మ పాపం అంటాడు. పక్షి దోషం అంటారు, బాలగ్రహం అంటారు, తాయెత్తు కడతారు. మా పాస్టరు గారు ఇచ్చినవాడే తీసుకున్నాడంటారు. ఈ మాటల్లో కొన్నిటికి ఓదార్పు ఉంది, కాదనను. ఏడ్చే తల్లికి ఒక చెయ్యి కావాలి. కానీ కర్మ సిద్ధాంతంలో ఒక విషం ఉంది. అది ప్రతి చావుకీ కారణం ముందే చెప్పేస్తుంది గనక ఇక ఎవరూ వెతకక్కర్లేదు. పైగా ఆ కారణం ఎప్పుడూ బాధపడేవాళ్ళ లోపలే ఉంటుంది. పేదగా పుట్టటం నీ కర్మ, అంటరానిగా పుట్టటం నీ కర్మ, బిడ్డ పోవటం నీ కర్మ. తల్లి అజాగ్రత్త అనే మాట ఆ కర్మ సిద్ధాంతమే, కొత్త గుడ్డలు కట్టుకుని ఆఫీసుకొచ్చింది.

బుద్ధుడి దగ్గరికి బిడ్డ శవం ఎత్తుకుని వచ్చిన కిసాగోతమి కథ నాకు ఈ రెంటికంటే నచ్చుతుంది. ఎవరూ చావని ఇంటి నుంచి ఆవాలు తెమ్మన్నాడాయన. ఆమె ఇల్లిల్లూ తిరిగింది, దొరకలేదు. బుద్ధుడు ఆమెని నువ్వేం చేశావని అడగలేదు. పాపం అనలేదు, కర్మ అనలేదు. ఆమెని ఊళ్ళోకి పంపి, నలుగురి దుఃఖంలో కలిపాడు. అంతవరకూ గొప్ప సంగతి. కానీ ఇవాళ మనం ఆవాలకి తిరిగితే ఇంకో లెక్క కూడా తెస్తాం. చావు లేని ఇల్లు లేదు, నిజమే. ఏ ఇంట్లో ఎన్ని చావులు? 2019-21 జాతీయ కుటుంబ ఆరోగ్య సర్వేలో ఏడాది లోపు పిల్లల చావులు షెడ్యూల్డు కులాల్లో వెయ్యికి సుమారు 41. ఎస్సీ, ఎస్టీ, బీసీ కాని కులాల్లో 28. చావు అందరికీ వస్తుందనే వేదాంతం ఈ 13 మంది బిడ్డల తేడాకి జవాబు చెప్పదు.

అంబేద్కర్, రమాబాయి దంపతులకి అయిదుగురు పిల్లలు పుడితే నలుగురు చిన్నతనంలోనే పోయారు. ఆఖరి కొడుకు రాజరత్న పోయింది 1926లో. అప్పటికి ఆయన కొలంబియాలో, లండన్‌లో చదివి, బారిస్టరయి ఉన్నాడు. దేశంలో అంత చదివిన వాళ్ళు వేళ్ళ మీద లెక్కపెట్టేంత మంది. ఆ చదువు కూడా ఆయన ఉయ్యాలని కాపాడలేకపోయింది. వాళ్ళ చావులు నేను చెప్పే ఈ చావులని నేను అనటం లేదు. నేననేది, మన నాయకుడి ఇంట్లో కూడా పసిపిల్లల చావు ఇంత మామూలు సంగతి అని. రమాబాయిని త్యాగమూర్తి అంటూ ఫొటోలకి దండలేస్తాం. నలుగురు బిడ్డల్ని పూడ్చిన తల్లిగా ఆమె గురించి మన సభల్లో ఎప్పుడైనా మాట్లాడామా?

ఇక అసలు చిక్కు దగ్గరికి వస్తాను. బిడ్డని వెల్లకిలా పడుకోబెట్టండి, గట్టి పక్క మీద, ముఖానికి గుడ్డ తగలకుండా, తల్లికి చేతికందే దూరంలో విడిగా పడుకోబెట్టండి, ఆ గదిలో చుట్టా బీడీ కాల్చొద్దు, చీర ఉయ్యాలలో మెడ వంగి గడ్డం రొమ్ముకి ఆనకుండా చూడండి అని నేను ఇల్లిల్లూ తిరిగి చెప్పాను. చెప్పాలి. ఈ మాటలు ప్రాణాలు కాపాడతాయి. కానీ ఇదే మాట రేపు బిడ్డ పోయిన తల్లి మీద రాయిలాగా పడుతుంది. "నర్సమ్మ చెప్పింది గదా, వినలేదా?" అంటారు. అట్లాగని చెప్పటం మానేస్తే బతికే బిడ్డ చస్తుంది. ఏం చెయ్యాలి?

నాకు తోచిన జవాబు ఇది. కారణం వేరు, నేరం వేరు. కారణం అనేది ముందుకు చూసే మాట. వచ్చే బిడ్డని కాపాడటానికి ఏది మార్చాలో చెబుతుంది. నేరం వెనక్కి చూసే మాట. ఎవర్ని కొట్టాలో చెబుతుంది. బోర్లా పడుకోవటం ఒక కారణం. దాన్ని మార్చటానికి తల్లి చాలు. చుట్ట పొగ ఒక కారణం. దాన్ని మార్చటానికి తండ్రి కదలాలి. ఒకే గది, ఒకే దుప్పటి కారణం. దానికి ఇల్లు కావాలి. నెలలు నిండని కాన్పు, బరువు తక్కువ బిడ్డ కారణం. దానికి గర్భిణికి తిండీ విశ్రాంతీ కావాలి. అలిసి సోలిపోయిన నిద్ర కారణం. దానికి కూలి పోకుండా ఇంట్లో ఉండే నెలలు కావాలి. 2017లో ఆఫీసుల్లో, కంపెనీల్లో పనిచేసే ఆడవాళ్ళకి ప్రసూతి సెలవు 26 వారాలు చేశారు. సంతోషం. పొలం కూలికి ఎన్ని వారాలు? ఆమెకి 2013 ఆహార భద్రత చట్టం 6,000 రూపాయలు తగ్గకుండా ఇస్తానంది. ఆ డబ్బు ఎన్ని రోజుల కూలికి సరిపోతుందో మీరే లెక్కేసుకోండి. కారణాల జాబితా ఇంత పొడుగుంటే, దాంట్లో తల్లి ఒక్కత్తే ఎందుకు కనపడుతోంది? చేతికి అందేది ఆమే గనక.

న్యూజిలాండులో మావోరీలని మూలవాసులున్నారు. వాళ్ళ పిల్లలు తెల్లవాళ్ళ పిల్లలకంటే ఎక్కువగా ఇట్లా నిద్రలో పోయేవాళ్ళు. తల్లి పక్కలో పడుకోబెట్టొద్దని ప్రభుత్వం చెబితే అది వాళ్ళ పద్ధతికి సరిపడలేదు. 2006 ప్రాంతంలో మావోరీ డాక్టర్లూ అల్లికపని వాళ్ళూ కలిసి వాళ్ళ నార గడ్డితో ఒక బుట్ట అల్లారు. దాని పేరు వహకురా. బిడ్డని దాంట్లో పడుకోబెట్టి ఆ బుట్టని తల్లి పక్కలోనే పెట్టుకుంటారు. తల్లికి బిడ్డ దూరం కాదు, బిడ్డకి చోటు ఉంటుంది. అట్లాంటి బుట్టలు పంచిన ఏళ్ళల్లో పసిపిల్లల చావులు తగ్గినయ్. అది చదివినప్పుడు మా అమ్మ చేట నాకు గుర్తొచ్చింది. ఏ డాక్టరూ చెప్పకుండానే ఆమె దాకా వచ్చిన తెలివి అది. తేడా ఏమిటంటే అక్కడ ఒక జాతి తన తల్లుల్ని నిందించకుండా కూర్చుని ఆలోచించింది. ఇక్కడ మా అమ్మ ఒక్కతే భయంతో ఆలోచించింది. అమెరికాలో ఈనాటికీ నల్లవాళ్ళ పిల్లలూ మూలవాసుల పిల్లలూ తెల్లవాళ్ళ పిల్లలకంటే రెట్టింపుకి పైగా ఇట్లా పోతున్నారు. ఈ తేడాని ఏ తల్లి నిద్ర వివరిస్తుంది?

మన దేశంలో శిశుమరణాలు చాలా తగ్గాయి. 1971లో వెయ్యికి 129 ఉండేవి, 2023 నాటికి 25 అయినయ్. న్యుమోనియా, విరేచనాలు, బరువు తక్కువ, కాన్పులో దెబ్బ ఇవి మా పల్లెల్లో పిల్లల్ని తీసుకుపోయిన పెద్ద కారణాలు. అవన్నీ తెలిసిన కారణాలే. అందుకని "తెలియదు" అనే మాటని మేం గుడ్డిగా కోరుకోవటం లేదు. వెతకకుండా తెలియదనటం కూడా మాకు అన్యాయమే. అప్పుడు నివారించగల చావు విధి ఖాతాలో పడుతుంది. ఒకవైపు నింద, ఇంకోవైపు విధి. రెండూ ఒకే పని చేస్తాయి, వెతకాల్సిన వాణ్ణి ఇంటికి పంపించేస్తాయి. 2014లో కేంద్ర ఆరోగ్య శాఖ పిల్లల మరణాల సమీక్షకి మార్గదర్శకాలు ఇచ్చింది. చనిపోయిన ప్రతి బిడ్డ ఇంటికీ పోయి, ఏం జరిగిందో కుటుంబాన్ని అడిగి తెలుసుకోవాలని దాంట్లో ఉంది. కాగితం మీద మంచి మాట. ఆ అడగటం ఎట్టా అడుగుతారనే దాని మీదే అంతా ఆధారపడుతుంది. "ఏం జరిగిందమ్మా?" అని అడగొచ్చు. "ఏం చేశావే?" అనీ అడగొచ్చు.

సంఘాల్లో పనిచేసే తమ్ముళ్ళకీ చెల్లెళ్ళకీ చెప్పేది ఇదే. పల్లెలో లాకప్ మరణం జరిగితే మనం పోతాం, పోస్టుమార్టం జరగాలంటాం, కారణం రాయమంటాం, రాసేదాకా కదలం. డెబ్బయి రోజుల బిడ్డ పోతే ఎవరమూ పోం. అది ఆడవాళ్ళ సంగతి, ఇంటి సంగతి అనుకుంటాం. అది కూడా మన బిడ్డే, అది కూడా లెక్క చెప్పాల్సిన చావే. పోండి. పుట్టుక రాశారా, చావు రాశారా అడగండి. డాక్టరు చూశాడా అడగండి. ఆ బిడ్డ బరువెంత, నెలలు నిండి పుట్టిందా, తల్లి కాన్పయిన ఎన్నో రోజున పనికెళ్ళింది, ఎవరి పొలానికి, గదిలో పొగ ఎవరిది అని అడగండి. బజారులో తీర్పు చెప్పేవాణ్ణి "నువ్వు చూశావా?" అని అడగండి. అన్నీ అడిగినాక కూడా జవాబు దొరక్కపోతే, అప్పుడు తల్లి దగ్గర కూర్చుని "మాకు తెలియలేదమ్మా, నీ తప్పు లేదు" అని చెప్పండి. మోతుబరి ఇంటి కోడలికి అడక్కుండా దొరికిన ఆ మాట మాలపల్లెలో పంతొమ్మిదేళ్ళ పిల్లకి మనం అడిగి తెచ్చిపెట్టాలి.